వసంతారంభమున మన సీమలో అరుదుగా కానవచ్చు పక్షులు

మాఘమాసము గడచి ఫాల్గుణము ప్రవేశించునప్పటికి మన పాఠశాలలో పరీక్షల తొందర మొదలగును. బాలురును బాలికలును పుస్తకములపై వంచిన తల యెత్తరు. సరిగా ఆ దినములయందే మన ఆవరణపు గోడల కావల, చెరువుగట్టుల మీదను, బీడుపొలములలోను, కొండవాలులయందును పక్షులలో గొప్ప మార్పు జరుగుచుండును. చలికాలమంతయు మనకు అతిథులుగా నుండిన పక్షులు ఉత్తరదిక్కునకు ప్రయాణము కట్టును. మన సొంత పక్షులు పాడుటకును గూళ్లు కట్టుటకును మొదలుపెట్టును. సంవత్సరములో మరి యెప్పుడును కానరాని యొకటి రెండు పక్షులు ఈ కొన్ని వారములలో కంటబడుటయు కలదు. వానిని గూర్చియు, వానిని చూచినవారు చేయవలసిన పనిని గూర్చియు ఈ వ్యాసమున కొంత వ్రాయదలచితిమి.

మన సీమ యనగా ఇచట రాయలసీమయని యెరుగవలెను. 2022 వ సంవత్సరమున జిల్లాలు విభజింపబడి క్రొత్త పేర్లు వచ్చినవి గాని, పెన్నానది పారు ఈ మెట్టభూములును, నల్లమల, లంకమల, పాలకొండల వరుసలును పక్షులకు ఒకే దేశము. ఇచట వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ. ఇట్టి భూమిలో చూడదగిన పక్షులేమున్నవని తలిదండ్రులు కొందరు మమ్ము అడిగిరి. ఈ తరమువారు ప్రపంచమున మరి యెచ్చటను సజీవముగా చూడని యొక పక్షిని ఈ సీమయందే చూచిరనునది మా మొదటి జవాబు. దాని కథను ముందు చెప్పెదము. అంతకు మునుపు ఈ ఋతువును గూర్చి తెలిసికొనవలసినవి కొన్ని యున్నవి.

ఈ కాలమున పక్షులను చూచుట ఏల సులభము?

దీనికి మూడు కారణములు కలవు. మొదటిది ఆకురాల్పు. ఈ దినములలో మోదుగ, బూరుగు మొదలగు చెట్లు ఆకులు రాల్చి ఎర్రని పూవులతో నిండియుండును. వానకాలమున ఆకులచాటున దాగియుండిన పిట్ట ఇప్పుడు వట్టి కొమ్మమీద స్పష్టముగా కనబడును. ఆ పూవులలోని తేనెకై గోరువంకలును, పిగిలిపిట్టలును, కాకులును, తేనెపిట్టలును ఒకే చెట్టునకు వచ్చి చేరును. పూచిన మోదుగచెట్టునకు కొంచెము దూరమున అరగంటసేపు కదలక కూర్చుండినవాడు ఊరంతయు తిరిగినవానికంటె ఎక్కువ పక్షులను చూడగలడు.

రెండవది నీటి కొరత. శీతకాలమున నిండుగా నుండిన చెరువులు ఫాల్గుణమునకు సగము ఇంకిపోవును. చిన్న కుంటలు ఎండును. అంతకుముందు పలుచోట్ల చెదరియుండిన నీటిపక్షులన్నియు మిగిలిన నీటియొద్దకు వచ్చి గుమిగూడును. బురద బయటపడుటవలన పురుగులను, నత్తలను ఏరుకొని తిను పక్షులకు మేత దొరకును.

మూడవది ప్రయాణము. సంక్రాంతి మొదలుకొని పగటి ప్రమాణము దినదినమును పెరుగుచుండుటచేత వలసపక్షుల శరీరములో మార్పులు కలుగును. అవి అధికముగా తిని క్రొవ్వును కూర్చుకొనును. ఆ క్రొవ్వే వాని దూరప్రయాణమునకు దారిబత్తెము. ఇట్లు దక్షిణమునుండి ఉత్తరమునకు పోవు పక్షులు దారిలో ఒకనాడో రెండునాళ్లో మన చెరువునందును తోటలయందును దిగి యలసట తీర్చుకొనును. అందుచేత నిన్న లేని పక్షి నేడు కనబడుటయు, నేడున్న పక్షి రేపు లేకపోవుటయు ఈ ఋతువునందు సహజము.

అరుదు అను మాటకు అర్థము

ఒక పక్షిని అరుదైనదని చెప్పుటకు మూడు వేరువేరు కారణములుండును. వీనిని కలగలుపుటవలన పెక్కు పొరపాటులు పుట్టుచున్నవి.

మొదటి తెగవి ప్రపంచమునందే కొద్దిగా మిగిలియున్న పక్షులు. బట్టమేక పిట్ట ఈ తెగలోనిది. ఇది మీటరు ఎత్తువరకు పెరుగును. మగపక్షి 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిగుల బరువైనవానియందు ఇది యొకటి. ఇది గడ్డిబీళ్లలో నేలమీదనే సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. గడ్డిబీళ్లు దున్నబడి పైరుపొలములగుటచేతను, వేటచేతను, కుక్కల బాధచేతను దీని సంఖ్య తగ్గిపోయినది. నేడు దేశమంతటను స్వేచ్ఛగా తిరుగునవి సుమారు 150 కంటె ఎక్కువ లేవనియు, వానిలో పెక్కు రాజస్థానమునందే యున్నవనియు లెక్కింపబడినది. దీనికొరకే పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడునందు 1988 లో రక్షితస్థలము ఏర్పడెను. ఒకప్పుడు అచట చూచుట కంతగా కష్టము కాని యీ పక్షి ఇటీవల అచటను దుర్లభమైనది.

రెండవ తెగవి మరియొకచోట విస్తారముగా నుండి మన సీమకు మాత్రము ఎప్పుడో వచ్చునవి. తలవెనుక రెండు నల్లని పట్టీలు గల పెద్దబాతు ఇట్టిది. ఇది టిబెట్టు, లడాఖు, మంగోలియా దేశములలోని ఎత్తైన సరస్సులయొద్ద పిల్లలను పెంచి, చలికాలమున హిమాలయపర్వతములను దాటి భారతదేశమునకు వచ్చును. ఇది ఏడువేల మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు యంత్రసహాయమున కనుగొనిరి. తిరుగుప్రయాణమునకు ముందు మన పెద్దచెరువులలో ఒకానొక గుంపు దిగినయెడల అది చూచినవారి భాగ్యమే.

మూడవ తెగవి అరుదైనవి కావు. మనమే వానిని అరుదుగా చూచుచున్నాము. రాత్రివేళ తిరుగునవియు, పొదలలో దాగునవియు, మట్టివన్నె గలవియు ఇందులో చేరును. బండివెలుతురు పడినప్పుడు బాటమీద నిప్పుకణములవలె కన్నులు మెరయ కూర్చుండు పక్షిని మనలో పెక్కుమంది చూచియుందురు. అదే పక్షి పగలు ఎండుటాకులలో పండుకొనియున్నప్పుడు దాని ప్రక్కనే నడచిపోయినను గుర్తింపజాలము.

ఈ కాలపు అతిథులు కొందరు

గులాబివన్నె గోరువంకలను ముందుగా చెప్పవలెను. వీని దేహము లేత గులాబిరంగు. తల, రెక్కలు, తోక నలుపు. తూర్పు ఐరోపా మొదలు మధ్య ఆసియా వరకు గల మైదానములలో ఇవి పిల్లలను చేయును. తక్కిన కాలములో అధికభాగము మన దేశముననే గడపును. ఇవి జొన్నచేలపై మేఘమువలె వాలుటచేత రైతులు విసుగుకొందురు గాని, పైరును తినివేయు మిడుతలనుకూడ ఇవి విరివిగా తినునని మరువరాదు. ఫాల్గుణ చైత్రములలో పూచిన మోదుగల మీద చేరి యల్లరి చేసి, పిమ్మట ఒక్కసారిగా మాయమగును.

బీళ్లమీద తక్కువ ఎత్తున, రెక్కలను కొంచెము పైకెత్తి, తేలుచు తిరుగు సన్నని గ్రద్దలు కొన్ని ఈ ఋతువున కనబడును. ఇవి కోడిపిల్లల నెత్తుకొనిపోవు గ్రద్దలు కావు. వీని ముఖ్యాహారము మిడుతలు, చిన్న పిట్టలు, ఎలుకలు. రాత్రివేళ చెట్లపై కాక గడ్డిబీళ్లలో నేలమీదనే గుంపుగా నిద్రించుట వీని విచిత్రమైన యలవాటు. రోళ్లపాడు బీళ్లు ఇందుకు పేరుపొందినవి. ఈ గ్రద్దలకు చిన్న యంత్రములు కట్టి చూడగా అవి మన దేశమునుండి కజకస్తానువరకు పోయినట్లు తెలిసినది.

తోటలలో ఎండుటాకులను కాలితో త్రోయుచు పురుగులను వెదకుకొను తొమ్మిదివన్నెల పిట్ట మరియొకటి. ఆకుపచ్చని వీపు, నీలపు రెక్కమచ్చ, ఎర్రని పొత్తికడుపు, కురచతోక దీని గుర్తులు. చలికాలమును దక్షిణమున గడపి, వానలకు ముందుగా ఉత్తరమునకు పోవునప్పుడు ఇది మన తోటలలో దిగవచ్చును. ఈ జాతికి ఐరోపా శాస్త్రజ్ఞులు పెట్టిన శాస్త్రీయనామము పిట్ట. అది మన తెలుగుమాటయే. మన నోట చులకనగా వచ్చు మాట ప్రపంచపు శాస్త్రగ్రంథములన్నిటిలో నిలిచియున్నది.

కొండలకు పోవువారు కొండపిగిలిని వెదకవచ్చును. దీని కంఠమును తలయు పసుపుపచ్చన. దక్షిణభారతమునందలి రాతికొండలలో తప్ప ఇది ప్రపంచమున మరియెచ్చటను లేదు. హార్సిలీకొండలమీద దీనిని చూచుటకు దూరదేశస్థులుకూడ వచ్చుచున్నారు.

వీరాపురపు కొంగలు

హిందూపురము ప్రాంతమునందు చిలమత్తూరునకు సమీపమున వీరాపురము అను గ్రామము కలదు. ప్రతి సంవత్సరమును చలికాలపు చివరను ఎర్రకాళ్ల కొంగలు అచటి చింతచెట్లమీదికి వచ్చి గూళ్లు కట్టి పిల్లలను పెంచును. తెల్లని దేహము, రెక్కలమీద నలుపుతెలుపు చారలు, తోకదగ్గర గులాబివన్నె ఈకలు, పొడవైన పసుపుపచ్చని ముక్కు వీని గుర్తులు. ఈ కొంగలు అడవిలో గాక ఇండ్లనడుమ చెట్లమీదనే నివసించును. గ్రామస్థులు వానిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుకొందురు. వానిని కొట్టుటకుగాని పట్టుటకుగాని ఎవ్వరికిని సెలవియ్యరు.

వీనిని గూర్చి ఒక పొరపాటు వ్యాపించియున్నది. ఇవి సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుదురు, వార్తలలో వ్రాయుదురు. ఇది నిజము కాదు. ఎర్రకాళ్ల కొంగ మన దక్షిణాసియా ఖండపు పక్షియే. నీరును చేపలును ఉన్నచోటికి ఒక సీమనుండి మరియొక సీమకు పోవుచుండునే గాని హిమాలయముల కావల దీనికి ఇల్లు లేదు. దూరదేశమునుండి వచ్చినదన్నంత మాత్రమున పక్షికి గౌరవము హెచ్చుననుకొనుట మన బలహీనత. అది మన దేశపుదే యైనందున దానిని కాపాడు బాధ్యత మరియొకరిపై వేయుటకు వీలులేకున్నది.

కలివికోడి కథ

ఇప్పుడు మేము మొదట చెప్పిన పక్షి విషయమునకు వచ్చుచున్నాము. కలివి పొదలుగల ముండ్లయడవులలో తిరుగుటచేత దీనికి కలివికోడి యను పేరు కలిగినది. ఇది కోడి కాదు. పొడవు సుమారు 27 సెంటిమీటర్లు. పెద్ద కన్నులు, పొడవైన కాళ్లు, రొమ్ముమీద రెండు గోధుమవన్నె పట్టీలు కలిగియుండును. రెండు కంఠహారములు గలదని దీని శాస్త్రీయనామమున కర్థము. పగలు పొదలక్రింద కదలక యుండి రాత్రివేళ తిరుగును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట కొద్దికాలము మాత్రము రెండక్షరముల కూతను మరల మరల కూయును.

మద్రాసు సైన్యమునందు వైద్యుడై నెల్లూరులోకూడ ఉద్యోగము చేసిన జెర్డను దొర దీనిని మొదట శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను. 1848 ప్రాంతమున దీనికి శాస్త్రీయనామము కలిగెను. అదే శతాబ్దమున బ్లాన్‌ఫర్డు అను శాస్త్రజ్ఞుడు గోదావరీతీరమున సిరోంచ, భద్రాచలము ప్రాంతములలో దీనిని చూచెను. 1900 లో అనంతపురము సమీపమున చూచినట్లు హోవర్డు కాంప్‌బెలు దొరగారు తెలియజేసిరి. వీరు లండను మిషనువారి పక్షమున మన సీమలో సువార్తసేవ చేసినవారని మన పత్రిక చదువువారు ప్రత్యేకముగా గమనింపవలెను. గ్రామములు తిరుగుచు బోధించిన యాయన కన్నులు దారిప్రక్కనున్న సృష్టినికూడ చూచుచుండెను.

అటుపిమ్మట కలివికోడి కానరాలేదు. 1929, 1930 సంవత్సరములలో వెర్నే పరిశోధకవర్గమువారు తూర్పుకనుమల పక్షులను విరివిగా సేకరించిరి గాని వారికిని ఇది దొరకలేదు. ఇక నశించినదనియే పెక్కుమంది నిశ్చయించుకొనిరి. ఎనుబదియారు సంవత్సరములు ఇట్లు గడచెను.

బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము 1883 లో స్థాపింపబడినది. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అను పరిశోధకుడు కడపసీమకు వచ్చి గ్రామములలోని వేటగాండ్రతో మాటలాడెను. గ్రంథములలో నశించినదని వ్రాయబడిన పక్షి వారికి తెలియును. వారు దానిని పేరుపెట్టి చెప్పగలిగిరి. 1986 జనవరి నెలలో, సంక్రాంతి దగ్గరపడిన దినములలో, ఒక రాత్రి సిద్ధవటము ప్రాంతపు రెడ్డిపల్లె గ్రామమువాడైన ఐతన్న యను వేటగాడు దీపపు వెలుతురున ఒక పక్షిని చూచి చేతపట్టెను. అదియే కలివికోడి. లోకమంతటను పక్షిశాస్త్రజ్ఞులు ఆ వార్త విని యాశ్చర్యపడిరి.

ఈ సంతోషవార్తతో ఒక దుఃఖము కలసియున్నది. పట్టుబడిన ఆ పక్షి కొన్నిదినములకే చనిపోయెను. ఆనాడు పక్షి బ్రతికియున్నదని ఋజువు చేయుటకు మరియొక దారి తోచలేదు. పిమ్మట వచ్చిన పరిశోధకులు దానిని పట్టుట మానిరి. మెత్తని మట్టిని బాటలవలె పరచి దాని యడుగుజాడలను చూచిరి. దాని కూతను యంత్రమున నెక్కించి వినిపించి, జవాబుకై వేచియుండిరి. పొదలలో తమంత తామే పనిచేయు ఛాయాగ్రాహక యంత్రములను పెట్టిరి. పక్షి యొక్క ఈకను తాకకయే దాని నివాసమును తెలిసికొనుట సాధ్యమైనది.

ఈ పక్షి దొరకినందున లంకమల యడవులలో శ్రీ లంకమల్లేశ్వర రక్షితస్థలము ఏర్పడెను. తెలుగుగంగ కాలువను త్రవ్వునప్పుడు దీని నివాసము చెడకుండ కాలువ మార్గమును మార్చవలసివచ్చెను. ఒక చిన్న పక్షిని గూర్చిన నిజమైన వ్రాతకు ఇంతటి బలము కలదు. అయినను ముండ్లపొదలు నరకబడుట, నేల దున్నబడుట ఆగకపోవుటచేత కలివికోడి అటుపిమ్మటను మిక్కిలి అరుదుగానే తెలియవచ్చినది.

ఇంకొక సంగతి. 1917 లో కోలారు బంగారుగనులయొద్ద పశువైద్యుడొకడు సేకరించిన గ్రుడ్డొకటి స్కాట్లండు దేశమునకు చేరి, తుదకు అబర్డీను విశ్వవిద్యాలయపు సంగ్రహాలయమున నుండెను. 2013 లో దానిని పరిశీలించి, డి.ఎన్.ఏ. పరీక్షచేసి, అది కలివికోడి గ్రుడ్డని నిర్ణయించిరి. నూరేండ్లకు దగ్గరగా ఎవ్వరును గమనింపకున్నను, దొరకిన స్థలమును సంవత్సరమును ఎవరో శ్రద్ధతో వ్రాసియుంచిరి గనుకనే ఆ గ్రుడ్డు నేడు మనకు సాక్ష్యము చెప్పుచున్నది. ఆ రెండు మాటలు లేనియెడల అది వట్టి పెంకు.

మేము చేసిన పొరపాటు

ఈ కథ మాకు బాగుగా తెలియును. తెలిసినందువలననే ఒకసారి మోసపోతిమి. గడచిన సంవత్సరము ఫాల్గుణమాసమున ఒకనాటి యుదయమున ప్రకృతిశాస్త్రపు తరగతిలోని పిల్లలతో మేము చెరువుకావలి బీళ్లకు పోతిమి. దున్నిన నేలమీద రెండు పక్షులు పరుగెత్తుచు, ఆగుచు, మరల పరుగెత్తుచు కనబడెను. పొడవైన కాళ్లు, మట్టివన్నె వీపు, కన్నుమీదుగా తెల్లని గీత. బాలుడొకడు, "కలివికోడి!" అని కేక వేసెను. తక్కినవారందరును అదేయనిరి. మేమును కాదనలేదు. ఇంటికి వచ్చి ఈ పత్రికకే వ్యాసము వ్రాయ మొదలుపెట్టితిమి. దాని మొదటి పుట పూర్తియగువరకు మాకు సందేహమే కలుగలేదు.

మరునాడు పిల్లల పుస్తకములు తెప్పించి చూచితిమి. అందరు వ్రాసినదియు ఒకటే. రొమ్ముమీద రెండు పట్టీలున్నవని కొందరు వ్రాసిరి. కేక వినిన పిమ్మట వ్రాసినవారు వారు. క్రింది తరగతి బాలిక యొకతె మాత్రము వెనుకబడి వచ్చుచు, కేక వినకమునుపే తన పుస్తకమున ఇట్లు వ్రాసియుండెను: "రెండు పిట్టలు. మైనాకంటె పెద్దవి. కాళ్లు తెలుపు. రొమ్ము ఇటుకరంగు, దానిమీద గీతలు లేవు. ఎండలో తిరుగుచున్నవి. పేరు తెలియదు." ఆ పుస్తకము చదువగానే మా తప్పు మాకు తెలిసినది. అవి కలివికోళ్లు కావు. పగటివేళ బయలునేలల తిరుగు, ఆ కుటుంబమునకే చెందిన సాధారణపు పరుగుపిట్టలు. మేము వ్రాసిన పుటను చింపివేసితిమి.

చింపకుండ అచ్చువేసియుండినచో నేమయ్యెడిది? పత్రిక చదివినవారు సంతోషించియుందురు. పాఠశాలకు పేరు వచ్చియుండును. పిమ్మట దూరమునుండి వచ్చినవారు లేని పక్షికై బీళ్లు త్రొక్కియుందురు. నిజముగా దానిని వెదకవలసిన పొదలను విడిచి తప్పుచోట కాలము గడపియుందురు. కడపట, మన పాఠశాలవారు మరియొకనాడు నిజము వ్రాసినను ఎవ్వరును నమ్మకుందురు. పట్టీలు చూచితిమని వ్రాసిన పిల్లలు అబద్ధమాడవలెనని వ్రాయలేదు. చూడదలచినదానినే తమ కన్నులు చూచినవని వారు నమ్మిరి. ఆ దోషము వారికంటె మాకే యెక్కువ అంటుకొన్నది. "పేరు తెలియదు" అని వ్రాయుటకు ఆ బాలికకు కలిగిన ధైర్యము ఆనాడు మాకు లేకపోయెను.

చూచినదానిని వ్రాయు పద్ధతి

కావున విద్యార్థులు ఈ క్రింది నియమములను అలవరచుకొనవలెనని కోరుచున్నాము.

1. మొదట సాధారణమైన పక్షులను బాగుగా నేర్చుకొనుడు. పిచ్చుక, మైనా, పావురము, కాకి, తీతువు అను ఐదింటిని పరిమాణమున కొలతలుగా పెట్టుకొనుడు. తెలియని పక్షి కనబడినప్పుడు వీనిలో దేనికంటె పెద్దది, దేనికంటె చిన్నది యని వ్రాయుడు.

2. తేది, గంట, స్థలము, ఎండయో మబ్బో, పక్షి ఎంత దూరమున నుండెను, ఎన్ని యుండెను అను సంగతులు అచటనే వ్రాయుడు. ఇంటికి వచ్చి వ్రాయుదమనుకొన్నది మారిపోవును.

3. ముక్కు, కాళ్లు, తల, రొమ్ము, రెక్కలు, తోక అను వరుసలో ఒక్కొక్కదాని రంగును రూపమును వ్రాయుడు. కానరానిదానికి "కానరాలేదు" అని వ్రాయుడు.

4. దాని కూతను మీకు వినబడిన యక్షరములలోనే వ్రాయుడు. అది చేయుచున్న పనినికూడ వ్రాయుడు.

5. ఒకరి పుస్తకము ఒకరు చూడకుండ, బొమ్మల గ్రంథము తెరువకుండ ముందుగా వ్రాసి ముగింపుడు. పేరును గూర్చిన తర్కము తరువాత.

6. చేతిఫోనులో చిత్రము తీయగలిగినయెడల తీయుడు. చిత్రమునకై పక్షిని లేవగొట్టవద్దు. గూటిదగ్గరకు అసలే పోవద్దు. అరుదైన పక్షి గూడు ఉన్న స్థలమును అందరికిని చాటవద్దు.

7. పక్షులను పట్టుట, గ్రుడ్లు తీయుట 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము ప్రకారము నేరము. చట్టము లేకపోయినను అది తప్పే.

8. గొర్రెలకాపరులను, జాలరులను, పొలములోని కూలీలను అడిగి తెలిసికొనుడు. వారు చెప్పు పేర్లను వారు చెప్పినట్లే వ్రాయుడు. కలివికోడిని ఎనుబదియారేండ్లు ఎరిగియుండినవారు గ్రంథకర్తలు కారు.

పెద్దలు సహాయపడదలచినచో దారి యొకటి కలదు. ప్రతి ఫిబ్రవరి నెలలో నాలుగుదినములు ప్రపంచమంతట జనులు తమ పెరడులోను, పాఠశాలలోను కనబడు పక్షులను లెక్కించి పంపుదురు. ఈ పద్ధతి 1998 లో అమెరికాలో మొదలై 2013 లో మన దేశమునకు వచ్చెను. ఒక పావుగంట లెక్కించినను చాలును. అరుదైన పక్షియే కనబడనక్కరలేదు. ఊరిలో ఎన్ని పిచ్చుకలున్నవని పది సంవత్సరములు వరుసగా వ్రాసిన పుస్తకము ఒకానొక నాటి యపూర్వదర్శనముకంటె శాస్త్రమునకు ఉపయోగకరము. ఈనాటి సాధారణపు పక్షి రేపు అరుదైనదగునో కాదో ఆ పుస్తకమే చెప్పును. బట్టమేక పిట్టయు ఒకప్పుడు మన సీమలో సాధారణముగానే యుండెను.

కాసుకు అమ్ముడుపోవు పిచ్చుకయు తండ్రి లెక్కలో నున్నదని మన ప్రభువు బోధించెను. ఆ లెక్కలో మనకును కొంత పని యున్నదని మేము నమ్ముచున్నాము. మనము లెక్కించువారమైనయెడల సరిగా లెక్కింపవలెను, తెలియనిదానిని తెలియదని వ్రాయవలెను.

ఆ బాలిక పుస్తకమును మన ప్రకృతిశాస్త్రపు గదిలో ఉంచితిమి. పరీక్షలు ముగిసిన పిమ్మట ఏదైన ఒక సాయంకాలమున దానిని చూడవచ్చిన తలిదండ్రులకు సంతోషముతో చూపెదము. దానిలో ఇంకను పెక్కు పుటలు ఖాళీగా నున్నవి.